స్కోరు పెరిగింది.. ఎముక విరిగింది!

ఒక మందు వాడితే నాలుగేళ్లలో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వినగానే ఏమనిపిస్తుంది? సూపర్ హిట్ మందు అనే కదా! కానీ అదే మందు వాడినవాళ్లలో చేతులు, కాళ్లు, తుంటి లాంటి చోట్ల ఫ్రాక్చర్లు, వాడనివాళ్లతో పోలిస్తే మూడు రెట్లు ఎక్కువయ్యాయి. ఎముక దట్టమైంది, అయినా విరిగింది.

ఇది నిజంగా జరిగిన కథ. 1990 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. చేసింది అమెరికాలోని మేయో క్లినిక్ శాస్త్రవేత్త డాక్టర్ బి.లారెన్స్ రిగ్స్, ఆయన టీమ్. ఆ మందు పేరు సోడియం ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ అనగానే మనకి గుర్తొచ్చే ఊళ్లు వేరు కదా? అక్కడికీ వస్తాను.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజంతా డ్యాష్‌బోర్డుల ముందే ఉంటాను. మా ఫీల్డులో అందరికీ తెలిసిన జబ్బొకటుంది. టెస్ట్ కవరేజీ 90 శాతం దాటిందని గ్రాఫ్ పచ్చగా వెలుగుతుంది, అదే రోజు రాత్రి యాప్ పడిపోతుంది. కొలిచే అంకె పెరిగినంత మాత్రాన అసలు పని బాగున్నట్టు కాదు. అందుకేనేమో, రిగ్స్ పరిశోధన చదువుతుంటే కథ బాగా తెలిసినదే అనిపించింది. తేడా ఒక్కటే. మా దగ్గర పడిపోయేది యాప్, అక్కడ పడిపోయేది మనుషులు.

ఎముక అంటే రాయి కాదు

ఎముకని మనం గోడలాగా ఊహించుకుంటాం. ఒకసారి కట్టేస్తే అంతే అని. నిజానికి అది రోజూ రిపేరు జరిగే రోడ్డు లాంటిది. ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాత ఎముకని తవ్వేస్తుంటాయి. ఆస్టియోబ్లాస్ట్ అనే కణాలు వెనకాలే వచ్చి కొత్తది పోస్తుంటాయి. పెద్దవాళ్లలో ఏడాదికి దాదాపు 10 శాతం ఎముక ఇలా మారిపోతూ ఉంటుంది.

చిన్నప్పటి నుంచి ఇరవైల చివరి దాకా పోసేది ఎక్కువ, తవ్వేది తక్కువ. 30 ఏళ్లు వచ్చేసరికి మన ఎముకల బ్యాంకు బ్యాలెన్స్ గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా విత్‌డ్రాయల్సే. ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయాక ఆ వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గిపోవడమే కారణం. తవ్వే కణాలకి అడ్డు చెప్పేవాళ్లుండరు. అలా ఎముక లోపల గుల్లబారడాన్నే ఆస్టియోపొరోసిస్ అంటారు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. బాత్రూంలో చిన్నగా జారితే మణికట్టు విరిగినప్పుడే చాలామందికి తెలుస్తుంది.

ఈ జబ్బు గురించి మనకి తెలిసినదాంట్లో రిగ్స్ వాటా పెద్దదే. 1983లో ఆయన, జోసెఫ్ మెల్టన్ కలిసి దీన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి నెలసరి ఆగాక వేగంగా వచ్చేది, వెన్నుపూసల్నీ మణికట్టునీ ఎక్కువగా దెబ్బతీసేది. రెండోది ముసలితనంతో మెల్లగా ఆడామగా ఇద్దరికీ వచ్చేది, తుంటి దాకా పాకేది. 1988లో ఆయన టీమ్, ఎముక కట్టే కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు ఉన్నాయని చూపించింది. అంటే ఈ హార్మోను ఎముకతో నేరుగా మాట్లాడుతుందన్నమాట.

డెక్సా ఏం చూస్తుంది?

ఎముక సాంద్రత కొలిచే స్కాన్‌ని డెక్సా అంటారు. రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్‌రే కిరణాలు పంపిస్తారు. ఏది ఎంత ఆగిపోయిందో లెక్కగట్టి, కండనీ ఎముకనీ విడదీసి, ఎముకలో ఖనిజం ఎంతుందో చెబుతారు. రేడియేషన్ చాలా తక్కువ. పది, పదిహేను నిమిషాల పని.

రిపోర్టులో టీ స్కోరు అని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఇరవైల వయసు వాళ్ల సగటుని సున్నా అనుకుంటే, మనం దానికి ఎన్ని మెట్లు కిందున్నామో ఆ అంకె చెబుతుంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. మైనస్ 1 దాకా మామూలే. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే సాంద్రత కాస్త తగ్గినట్టు. మైనస్ 2.5, ఇంకా కిందికి వెళితే ఆస్టియోపొరోసిస్.

మా అమ్మకి పోయినేడాది ఈ స్కాన్ తీయించాం. స్కోరు మైనస్ 2.6.

"ఎన్ని మార్కులొచ్చినయ్ రా?" అని అడిగింది.

"మైనస్ 2.6 అమ్మా."

"ఎంసెట్‌ల గూడ నెగెటివ్ మార్కులు లేవు గదరా!"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ సాయంత్రానికి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. ఒకరు పొడి పంపారు, ఒకరు నూనె, ఇంకొకరు "ఇది వాడితే మూడు నెలల్లో స్కోరు ప్లస్‌లోకి వస్తది" అని వీడియో. అందరి కళ్లూ అంకె మీదే. అమ్మ కింద పడకుండా ఎట్లా చూసుకోవాలని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అప్పుడే నేను ఈ సబ్జెక్టులోకి దిగాను. దిగాక తగిలిన పేరు రిగ్స్.

విషం మందెలా అయింది?

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగే ప్రాంతాల్లో మనుషుల ఎక్స్‌రేలు తెల్లగా, దట్టంగా కనిపిస్తాయని డాక్టర్లకి 1930ల నుంచే తెలుసు. దాన్నుంచి ఒక ఆలోచన పుట్టింది. ఎక్కువైతే విషమే, కానీ కొలిచి ఇస్తే గుల్లబారిన ఎముక నిండుతుందేమో కదా? 1961లో అమెరికాలో రిచ్, ఎన్సింక్ అనే ఇద్దరు ఆస్టియోపొరోసిస్‌కి సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. శరీరం కాల్షియంని ఎక్కువగా నిలుపుకుంటోందని రాశారు. 1966లో నార్త్ డకోటా రాష్ట్రంలో ఒక సర్వే జరిగింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఆడవాళ్లకి ఆస్టియోపొరోసిస్ తక్కువగా ఉన్నట్టు కనిపించింది.

లాజిక్ చూడండి, ఎంత చక్కగా అతికిందో! మిగతా మందులు తవ్వకాన్ని తగ్గించేవే. ఫ్లోరైడ్ ఒక్కటే ఎముక కట్టే కణాల్ని తట్టి లేపుతోంది. స్కాన్‌లో అంకె ఏడాదికేడాది పెరుగుతోంది. 1982లో రిగ్స్ కూడా, కాల్షియంతో పాటు ఫ్లోరైడ్ తీసుకున్న వాళ్లలో వెన్నుపూసల ఫ్రాక్చర్లు తక్కువని రిపోర్టు చేశారు. కానీ ఆ స్టడీలో లాటరీ లేదు. ఎవరికి ఏ మందు అన్నది ముందుగా చీటీలు వేసి నిర్ణయించలేదు. అలాంటప్పుడు తేడా మందు వల్లా, మనుషుల వల్లా అన్నది తేలదు.

సొంత మందుకే అగ్నిపరీక్ష

ఇక్కడే రిగ్స్ మీద నాకు గౌరవం పెరిగింది. తను బాగుందన్న మందుకే తను అసలైన పరీక్ష పెట్టారు.

మెనోపాజ్ దాటి, ఆస్టియోపొరోసిస్‌తో వెన్నుపూసలు అప్పటికే దెబ్బతిన్న 202 మంది ఆడవాళ్లని తీసుకున్నారు. లాటరీ వేసి రెండు గుంపులు చేశారు, ఒక్కో గుంపులో 101 మంది. ఒక గుంపుకి రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్. రెండో గుంపుకి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త మాత్ర. ఇద్దరికీ రోజుకి 1500 మిల్లీగ్రాముల కాల్షియం. ఎవరు ఏది మింగుతున్నారో పేషెంట్లకీ తెలీదు, డాక్టర్లకీ తెలీదు. ఇలా నాలుగేళ్లు.

ముందు సాంద్రత సంగతి. ఫ్లోరైడ్ వాడినవాళ్లకి వెన్నెముకలో 35 శాతం, తుంటి మెడ దగ్గర 12 శాతం పెరిగింది. కానీ ముంజేతి ఎముకలో 4 శాతం తగ్గింది.

ఇప్పుడు అసలు సంగతి, విరగడం. కొత్తగా విరిగిన వెన్నుపూసలు ఫ్లోరైడ్ గుంపులో 163, ఉత్త మాత్ర గుంపులో 136. గణాంకాల లెక్కలో ఈ తేడా తేడానే కాదు. అంటే 35 శాతం పెరుగుదల ఒక్క వెన్నుపూసనీ కాపాడినట్టు కనిపించలేదు. వెన్ను కాకుండా మిగతా ఎముకల్లో, చిన్న పగుళ్లతో కలిపి చూస్తే, ఫ్లోరైడ్ గుంపులో 72, ఇవతల 24. మూడు రెట్లు! పైగా చాలామందికి కడుపులో మంట, కాళ్ల నొప్పులు.

రిగ్స్ దాన్ని దాచలేదు, మెత్తగా చుట్టి చెప్పలేదు. ఈ పద్ధతిలో ఈ వైద్యం పనిచేయదు, ఎముకని ఇంకా పెళుసు చేస్తోంది అని రాసేశారు. అదే సమయంలో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్‌లో జరిగిన మరో పరీక్షలోనూ మందు వల్ల లాభం తేలలేదు. తర్వాత తక్కువ డోసులతో, నెమ్మదిగా కరిగే మాత్రలతో ప్రయత్నాలు జరిగాయి గానీ, ఆస్టియోపొరోసిస్ మందుగా ఫ్లోరైడ్‌కి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దక్కలేదు.

మరి దట్టమైన ఎముక ఎందుకు విరిగింది?

ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ పోయడం చూశారుగా. ఇనుప ఊచలు ఉంటాయి, వాటి చుట్టూ కాంక్రీటు ఉంటుంది. ఎముకా అంతే. కొల్లాజెన్ అనే ప్రొటీన్ తీగలు ఊచల్లాంటివి. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం కాంక్రీటు లాంటిది. ఊచలు వంపుని తట్టుకుంటాయి, కాంక్రీటు బరువుని మోస్తుంది. రెండూ సరిగా కుదిరితేనే బలం.

ఫ్లోరైడ్ ఆ ఖనిజంలోకి దూరి దాని స్ఫటికాల్నే మార్చేస్తుంది. కట్టే కణాలు హడావుడిగా ఎక్కువ ఎముక పోస్తాయి. కానీ ఆ కొత్త ఎముక అల్లిక సరిగా ఉండదు, కొంతచోట గట్టిపడటం కూడా పూర్తికాదు. ఇంకో గొడవ కూడా ఉంది. వెన్నుపూసల లోపల ఎక్కువగా ఉండేది స్పాంజిలాంటి ఎముక. ముంజేయి లాంటి పొడవాటి ఎముకల మధ్యభాగం గట్టి పెంకు. ఫ్లోరైడ్ స్పాంజిలో పెంచింది, పెంకులో తగ్గించింది. మరి డెక్సా చూసేదేంటి? చదరపు సెంటీమీటరుకి ఎన్ని గ్రాముల ఖనిజం ఉందన్నదే. ఊచలు ఎలా అల్లుకున్నాయో దానికి కనపడదు. స్లాబ్‌లో సిమెంటు బస్తాలు లెక్కపెట్టి ఇల్లు గట్టిదని చెప్పినట్టే.

నల్గొండకి ముందే తెలుసు

మా నాయనమ్మది నల్గొండ జిల్లా. ఆమెని పిలిస్తే మెడ తిప్పేది కాదు, మనిషి మనిషే తిరిగేది. కింద పడ్డ గాజు ముక్క తీయాలంటే వంగలేక నన్ను పిలిచేది. నా చిన్నప్పుడు అదేదో ముసలితనం అనుకునేవాణ్ని. ఆ వయసులో పక్క జిల్లా అమ్మమ్మ నాట్లు వేస్తుండేది మరి!

ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మన దేశంలో జనం ఎముకలు ఇలా బిగుసుకుపోతున్నాయని 1937లో షార్ట్, ఆయన సహచరులు మొదట వివరంగా రాశారు. వాళ్లు చూసింది మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని. 1955లో సిద్దిఖీ అనే డాక్టర్ నల్గొండ పరిస్థితిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వెన్నుపూసలు దట్టంగా, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. సాంద్రతే కొలమానమైతే వాళ్లవి ఊళ్లోకెల్లా గట్టి ఎముకలు అనాలి!

నన్ను ఆపేసిన పేపరు ఇంకొకటుంది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకి చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ జర్నల్‌లో రాశారు. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ ఊళ్లలో టీనేజి పిల్లలకి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. వాళ్ల ఎక్స్‌రేల్లో వెన్నెముక దట్టంగా ఉంది, కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారి ఉన్నాయి. ఒకే మనిషిలో, ఒకే సమయంలో! పదిహేడేళ్ల తర్వాత మేయో క్లినిక్‌లో కనిపించిన దృశ్యమూ దాదాపు ఇదే. వెన్నులో పెరిగింది, ముంజేతిలో తగ్గింది.

ఓ చిన్న లెక్క వేశాను. 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌లో ఉండే ఫ్లోరైడ్ సుమారు 34 మిల్లీగ్రాములు. తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. ఆ పరిమితి దగ్గర ఉన్న నీళ్లు రోజుకి దాదాపు 23 లీటర్లు తాగితే వచ్చే ఫ్లోరైడ్‌ని అక్కడ మాత్రల్లో ఇచ్చారన్నమాట. మన దగ్గరేమో దాన్ని నీళ్లలోంచి తీసేయడానికి 1970ల్లో పటిక, సున్నం కలిపే పద్ధతి కనిపెట్టారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. మా నాయనమ్మకి మాత్రం ఆ నీళ్లు అందలేదు.

ఆరు శాతమే, కానీ పనిచేసింది

అలాగని డెక్సా దండగ అనుకోకండి. స్కోరు తక్కువుంటే విరిగే ప్రమాదం ఎక్కువ, అందులో అనుమానం లేదు. అది హెచ్చరిక లైటు. కానీ లైటు ఆర్పేస్తే మంట ఆరిపోదు కదా!

1996లో వచ్చిన ఒక పరీక్ష చూడండి. అలెండ్రోనేట్ అనే మందుని 2027 మంది ఆడవాళ్లలో మూడేళ్లు పరీక్షించారు. వెన్నెముక సాంద్రతలో ఉత్త మాత్రతో వచ్చిన తేడా 6 శాతమే. కానీ కొత్తగా వెన్నుపూస విరిగినవాళ్లు 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గారు. తుంటి ఫ్రాక్చర్లు దాదాపు సగమయ్యాయి. 35 శాతం పెరిగిన మందు ఓడిపోయింది, 6 శాతం పెరిగిన మందు గెలిచింది. ఫ్లోరైడ్ అనుభవం తర్వాత ఎముకల మందు అంటే మొదట అడిగే ప్రశ్న మారిపోయింది. 'సాంద్రత ఎంత పెరిగింది?' కాదు, 'ఫ్రాక్చర్లు తగ్గాయా?'

ఇంకో సంగతి. విరిగినవాళ్లలో చాలామంది స్కోరు మైనస్ 2.5 కంటే పైనే ఉంటుంది. అందుకే 2008లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో జాన్ కానిస్ టీమ్ ఫ్రాక్స్ అనే లెక్క తెచ్చింది. వయసు, బరువు, ఇదివరకు ఏదైనా విరిగిందా, తల్లికో తండ్రికో తుంటి విరిగిందా, సిగరెట్, మద్యం, స్టెరాయిడ్ మందులు.. ఇవన్నీ కలిపి రాబోయే పదేళ్లలో విరిగే అవకాశం ఎంతో చెబుతుంది. మన దేశానికి కూడా ప్రత్యేకంగా లెక్క ఉంది. సాంద్రత అందులో ఒక గడి మాత్రమే.

మరి మనమేం చేయాలి?

* ఇంట్లో పెద్దవాళ్ల రిపోర్టు చేతికొస్తే డాక్టర్ని 'స్కోరు ఎలా పెంచాలి?' అని కాకుండా 'విరిగే ప్రమాదం ఎంత? దాన్ని ఎలా తగ్గించాలి?' అని అడగండి. మందు రాస్తే 'ఇది ఫ్రాక్చర్లు తగ్గిస్తుందని తేలిందా?' అని కూడా అడగొచ్చు. మంచి డాక్టర్ ఎవరూ విసుక్కోరు.

* చిన్నగా పడితేనే మణికట్టో తుంటో విరిగిందంటే 'వయసైపోయింది' అని వదిలేయకండి. అదే పెద్ద సిగ్నల్. ఎత్తు తగ్గుతున్నా, వీపు వంగుతున్నా చూపించండి.

* పడకుండా చూడటమూ వైద్యమే. బాత్రూంలో పట్టుకునే రాడ్డు, రాత్రిపూట చిన్న లైటు, జారని చెప్పులు, కళ్లద్దాల చెకప్. మా ఇంట్లో వీటన్నిటికీ కలిపి అయిన ఖర్చు వాట్సాప్‌లో వచ్చిన ఒక పొడి డబ్బా రేటు కూడా లేదు.

* ఇరవైల్లో ఉన్నవాళ్లు ఊరికే డెక్సా తీయించుకోవాల్సిన పనిలేదు. టీ స్కోరు గీతలు మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకి, 50 దాటిన మగవాళ్లకి ఉద్దేశించినవి. స్టెరాయిడ్లు ఏళ్ల తరబడి వాడటం లాంటి కారణాలుంటే డాక్టరే చెబుతారు.

* మన వయసులో చేయాల్సింది బ్యాలెన్స్ నింపుకోవడం. ఎముకకి బరువు పడితేనే బలం వస్తుంది. పరుగు, మెట్లు, బరువులెత్తడం, ఆటలు, ఏదైనా సరే. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, పెరుగు, రాగి సంకటి, నువ్వులు, తోటకూరతో చాలావరకు అందుతుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఏసీలో కూర్చునే మనలాంటివాళ్లు విటమిన్ డి సంగతి కూడా డాక్టర్ని అడగడం మేలు.

* తాగేది బోరు నీళ్లయితే, అదీ ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతమైతే, ఒకసారి నీళ్లు పరీక్ష చేయించండి.

ఈసారి ఎవరైనా 'మూడు నెలల్లో బోన్ డెన్సిటీ డబుల్' అని వీడియో ఫార్వర్డ్ చేస్తే కంగారుపడి కొనేయకండి. ఆ 202 మందిని గుర్తుచేసుకోండి. వాళ్లలో సగం మంది రోజూ నమ్మకంగా మింగిన మాత్ర వాళ్ల స్కాన్‌ని మెరుగుచేసింది, ఎముకని కాదు. ఆ సంగతి మనకి తెలిసిందంటే, స్కాన్ దగ్గరే ఆగిపోకుండా విరిగిన ఎముకల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టినవాళ్లు ఉండబట్టే.